రెండు మాటల దూది

పొద్దున ఏడింటికే ఫిర్దౌస్ పాత చీర ముక్కతో నడుముకు ఒడి కట్టుకుని పోశాలు చేనులో పత్తి ఏరడానికి దిగింది. ఆఖరి ఏరుడు. ఎండిన కాయల మొనలు గోళ్ల కింద గుచ్చుకుంటున్నాయి. రక్తం కనబడితే గానీ గుచ్చుకున్నట్టు ఆమెకు తెలియడం లేదు. పాప పోయి నాలుగు నెలలు. అప్పటి నుంచీ అంతే.

పక్క సాలులో పోశాలు భార్య అంజమ్మ నడుము పట్టుకుని, "కురవి వీరన్నా, జర చూడు" అన్నది. ఆమె నోట్లోంచి చిన్న దూది పింజ వచ్చి, కంది చెట్ల మీదుగా పైకి పోయింది.

చిట్యాల పక్కన ఆ ఊళ్లో ఏ దేవుడిని వేడుకున్నా మాట దూదై వస్తుంది. చిన్నదైతే తేలిపోతుంది. పెద్దదైతే బరువెక్కి కాళ్ల దగ్గర పడుతుంది. పాస్టరు అబ్రహాం ఒక్క ఆదివారం చేసిన ప్రార్థనతో రెండు పరుపులు కుట్టించారు.

పాపకు జ్వరం వచ్చినప్పుడు దవాఖాన వరండాలో ఫిర్దౌస్ మూడు రోజులు దువా చేసింది. డాక్టరుకు ఏం తోచాలో, ఏ మందు పని చేయాలో, బదులుగా తాను ఏమేం వదులుకుంటుందో అన్నీ విడమరిచి చెప్పింది. దూది మోకాళ్ల దాకా పడింది. ఒక్క పింజ లేవలేదు. పారేయడమెందుకని అత్త హాజిరా బీ దాన్ని దిండులో కూరింది. ఆ దిండు మీదే ఫిర్దౌస్ పడుకుంటుంది. ఆ తర్వాత ఆమె నోట దూది రాలేదు.

"ఏందే పిల్లా, నీ మొగడు బాయిల దిగిండు, ఒక్క మాటన్న అనవు?" అన్నది అంజమ్మ. "మీ అల్లా అర్జీ రాసియ్యమన్నడా ఏంది?"

"అననీకి ఏం లేదక్కా."

చేను గట్టునే బావి. నలభై అడుగుల కింద పర్వేజ్ పూడిక తీస్తుంటే, పైన పోశాలు క్రేనుతో బురద డబ్బా లాగుతున్నాడు.

ఉన్నట్టుండి పోశాలు అరిచాడు. "దరి ఇడిసింది! పర్వేజ్ భాయ్, డబ్బల కూసో!"

ఆడవాళ్లిద్దరూ ఉరికారు. బావి గోడ మధ్యలోంచి మంచమంత బండ బయటికి జారుతోంది. దానికి సూటిగా కింద పర్వేజ్, మోకాలి దాకా బురదలో దిగబడి, కాలు పీక్కోలేక గింజుకుంటున్నాడు.

ఫిర్దౌస్ అంచున బోర్లా పడుకుంది. ఇస్తానని చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు.

"అల్లా, పట్టు."

చింతగింజంత దూది వచ్చింది. అది పైకి పోలేదు. ఎవరో కింది నుంచి పిలిచినట్టు బావిలోకి దిగి, బండ కింద కుదురుకుంది. బండ దాని మీద ఒరిగి ఆగింది. దూది నలగనైనా లేదు.

"ఇగ జల్ది రా!" అన్నాడు పోశాలు.

పర్వేజ్ కాలు ఊడబీక్కుని డబ్బాలో కూర్చున్నాడు. బండను భుజంతో రాసుకుంటూ పైకొచ్చి, గట్టు మీద కూలబడ్డాడు.

"చెప్పు లోపట్నే పాయె," అన్నాడు.

"పోతే పాయె తీ," అని అంజమ్మ నీళ్ల సీసా ఇచ్చింది.

పోశాలు వంగి చూశాడు. "బండ గీడ్నే ఉంటదేమో. మోటరు అవుతలి దిక్కు దించాలె."

ఫిర్దౌస్ మొగుడి మణికట్టు పట్టుకుంది. బురద కింద నాడి కొట్టుకుంటోంది. సంతోషం వస్తుందని చూసింది. రాలేదు. ఏడుపూ రాలేదు. పొద్దున గోటి కింద గుచ్చుకున్న మొన మాత్రం, ఎక్కడో దూరం నుంచి నడిచొచ్చినట్టు, అప్పుడు సలపడం మొదలుపెట్టింది.

ఆమె వేలి వంక చూసుకుంది.

"అల్లా, నొప్పి," అన్నది.

ఈ పింజ పైకే పోయింది.