ఇరవై ఏడో గొట్టం

ల్యాబ్‌లో ఆమె అందరికీ అక్కే. పదేళ్లు పెద్దవాడైన మెషీన్ బాబాయి కూడా ఆమెను అక్కా అనే పిలిచేవాడు, ఆమె అతన్ని బాబాయీ అనేది. వరస కుదరలేదే అని ఎవరైనా నవ్వితే, రోజంతా రక్తాలు చూసేవాళ్లకు రక్తసంబంధాలు చూసే తీరిక ఎక్కడిది అనేవాడు.

మనుషుల ఒంట్లో చేరిన రసాయనాలను కొలవడం అక్కడి పని. ఇంటి మీది నీళ్ల ట్యాంకులో ఒక్క ఆవగింజను నలిపి కలిపితే ఎంతో, అంత. రక్తం మీది తేట అరమిల్లీ తీసుకుని, వడగట్టి, ఆరబెట్టి, చివరికి ఒక్క చుక్కగా మిగిల్చి అక్క ఇస్తే, బాబాయి దాన్ని మెషీన్‌కు ఎక్కించేవాడు. రసాయనం ఉంటే తెర మీద గీత ముల్లులా లేచేది. ప్రతి విడతలోనూ రక్తం బదులు శుద్ధమైన నీళ్లు పోసిన గొట్టం ఒకటి మిగతావాటితో పాటు అన్ని మెట్లూ ఎక్కాలి. దాన్ని బ్లాంక్ అంటారు. అందులో ఏమీ కనబడకూడదు. కనబడిందంటే అది ల్యాబ్ మురికి. దానితో కలిపి చేసిన రక్తాలేవీ చెల్లవు.

మూడు వారాలుగా బ్లాంక్‌లో ముల్లు లేస్తూనే ఉంది. ఒకరోజు చిటికెన వేలంత, ఒకరోజు బారెడు.

ఈసారి వచ్చినవి వాన కోట్ల గుడ్డ తయారుచేసే ఫ్యాక్టరీ కార్మికుల రక్తాలు, నలభై ఒకటి. గుడ్డకు నీళ్లు అంటకుండా ముంచే మందు వాళ్ల ఒంట్లోకి ఎంత దిగిందో తేల్చాలి. పేర్లుండవు, నంబర్లే. కానీ ఇరవై ఏడు ఎవరో అక్కకు తెలుసు. ఆ నంబరు చీటీ ఆమె మరదలి పర్సులో ఉంది. పదకొండేళ్లు మందు తొట్టి దగ్గర నిలబడిన తమ్ముడు, రక్తం ఇచ్చిన రెండు నెలలకే కిడ్నీలో గడ్డతో పోయాడు. సిగరెట్ల వల్ల వచ్చిన జబ్బు అని తేల్చేశాడు ఫ్యాక్టరీ డాక్టరు. తమ్ముడు జన్మలో సిగరెట్టు ముట్టినవాడు కాడు. మరదలికి కావలసింది ఒక్క కాగితం, ఆ మందు ఆయన ఒంట్లో ఉందని రాసిన కాగితం. రోజూ సాయంత్రం ఫోన్ చేసి, వచ్చిందా వదినా అని ఒక్క మాట అడిగి పెట్టేసేది. ఈ చుట్టరికం సంగతి అక్క ల్యాబ్ నడిపే మేడంకు చెప్పలేదు. చెబితే ఆ గొట్టం తన చేతికి ఇవ్వరు.

ఒక్కో రక్తం మూడు వాటాలుగా ఫ్రీజర్‌లో ఉండేది. బ్లాంక్ పాడై మొదటి వాటాలు పోయాయి, రెండోవీ పోయాయి. మురికి ఎక్కడిదో తేలేదాకా మూడో వాటాల జోలికి పోవద్దన్నారు మేడం. అక్క గొట్టాలు మార్చింది, చేతి తొడుగులు మార్చింది, బల్లలు మూడుసార్లు తుడిచింది. తలుపు మీద ఆమె తన చేత్తో రాసి అంటించిన పట్టీ ఉంది: క్రీములు రాసుకుని రావద్దు, కొత్త బట్టలు వద్దు, నీళ్లు అంటని గుడ్డ ఏదీ గడప దాటకూడదు. బాబాయి చేత వాన కోటు గేటు దగ్గరే విప్పించి, జోరువానలో లోపలికి పరుగెత్తించింది.

"నా మురికంతా పెళ్లయిన ఏడాదికే మా ఆవిడ కడిగేసింది. ఇంకా ఏం వెతుకుతావక్కా?" అన్నాడతను తుమ్ముతూ.

ఆ మధ్య ఒకరోజు తమ్ముడి కాగితాల కోసం మరదలి వెంట ఫ్యాక్టరీ ఆఫీసుకు వెళ్లాల్సివచ్చి అక్క సెలవు పెట్టింది. బ్లాంక్ ఆ రోజు బాబాయే చేశాడు. గీత నేల మీద పరిచిన దారంలా వచ్చింది. ముందురోజు సాయంత్రమే కొత్త నీళ్ల సీసా తెరిచారు. మర్నాడు వచ్చి ఆ గీత చూసి, దొంగ దొరికింది, ఆ పాత నీళ్లే, అనుకుంది అక్క. ఇంకో రెండు బ్లాంకులు చూశాక మాట్లాడదామన్నారు మేడం. ఆ సాయంత్రం మరదలు ఫోన్‌లో ఏమీ అడగలేదు. కాసేపు ఊపిరి మాత్రం వినిపించి పెట్టేసింది. మర్నాడు పొద్దున్నే అక్క ఎవరినీ అడగకుండా ఇరవై ఏడు మూడో వాటా బయటికి తీసింది.

ఏ రక్తాన్నీ ఆమె అంత జాగ్రత్తగా చేసి ఎరగదు. మిగతా గొట్టాల మీద రెండు నిమిషాలు వంగేది, దీని మీద పావుగంట వంగింది. చుక్క ఆరుతున్నంతసేపూ పసిపిల్లాడి మంచం దగ్గర నిలబడ్డట్టు నిలబడింది.

తెర మీద ఇరవై ఏడు ముల్లు పైఅంచు దాకా లేచింది. రెండుసార్లు చూసిన నలభై ఒకటిలో ఒక్కదానికీ అంత లేదు. ఆ తర్వాత బ్లాంక్ వచ్చింది. అదీ లేచింది, దాదాపు సగం దాకా.

"నీళ్లు కొత్తవేగా," అన్నాడు బాబాయి. "మొన్న నేను చేస్తే బాగానే వచ్చింది. నీళ్లు అవే, గొట్టాలు అవే. నువ్వొక్కదానివే లేవు."

నవ్వించడానికే అన్నాడు. అన్నాక ఇద్దరికీ నవ్వు రాలేదు.

అక్క చేతులు కడుక్కోవడానికి లేచింది. పంపు నీళ్లు మోచేతి దాకా చిందాయి. తెల్ల కోటు చేతి మీద బొట్లు తామరాకు మీద నిలిచినట్టు గుండ్రంగా నిలిచి, తడి చేయకుండా జారిపోయాయి.

రెండేళ్ల కిందట మరకలు వదలడం లేదని ఆమె విసుక్కుంటుంటే, తమ్ముడు ఆ కోటు పట్టుకెళ్లి తొట్టిలో ముంచి, ఇస్త్రీ చేసి మరీ తెచ్చాడు. ఇక నీకు ఏ మరకా అంటదక్కా, రాసిస్తా అన్నాడు. అప్పట్లో ల్యాబ్‌లో పాలలో పురుగుమందులు చూసేవాళ్లు, ఈ మందు జోలికి ఈ ఏడే వచ్చారు. పట్టీ రాసేటప్పుడు కోటు కూడా గుడ్డేనని ఆమెకు తోచలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ల్యాబంతా వెతికింది.

మేడం ఆ కోటు చేతి నుంచి వేలెడు ముక్క కత్తిరించి పరీక్ష చేయించారు. ఆ కాగితం మాత్రం ఏ అనుమానమూ లేకుండా వచ్చింది. అక్క చీటీ సంగతితో సహా అంతా చెప్పేసింది. తిట్టి ఉంటే బాగుండేది. మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. బ్లాంక్‌లో వచ్చినదాన్ని తీసేసి, మిగిలినదైనా రాయలేమా అని అడిగింది అక్క.

"రోజుకో రకంగా రాలింది. ఎంతని తీసేస్తాం?" అన్నారు మేడం. "ఆ గొట్టంలో ఒక్క నూలుపోగు పడినా చాలు. ఆ ముల్లు అతని రక్తానిదో మీ కోటుదో మీరు చెప్పగలరా?"



మిగతా నలభై మందికీ మూడో వాటా ఫ్రీజర్‌లో భద్రంగానే ఉంది. కొత్త కోటు వచ్చాక వారంలో అవన్నీ అయిపోయాయి. బ్లాంకులన్నీ దారంలా వచ్చాయి. పట్టికలో ఇరవై ఆరు తర్వాత ఇరవై ఎనిమిది.

ఆదివారం అక్క మరదలి ఇంటికి వెళ్లింది. మరదలు వెనక వరండాలో బట్టలు ఉతుకుతోంది. చెప్పినంతసేపూ చేతిలో చొక్కా పిండుతూనే విని, మిగతావాళ్లవి వచ్చాయా అని అడిగింది. వచ్చాయని, అందరిలోనూ ఉందని చెప్పింది అక్క.

"అందరిలో ఉండి ఆయనలో లేకుండా పోతుందా వదినా?"

"పోదు. కానీ కాగితం మీద రాయలేరు."

మరదలు చొక్కా బకెట్లో పడేసింది. లోపలికి వెళ్లి పర్సులోంచి చీటీ తెచ్చి, అక్క పక్కన గట్టు మీద పెట్టి, జాకెట్టు చేయి పైకి లాక్కుంది.

"పదకొండేళ్లు ఆయన బట్టలు ఈ చేతులతోనే ఉతికాను. ఆ జిడ్డు నాకు తెలుసు, మూడు నీళ్లకు గానీ వదిలేది కాదు. నా రక్తం తీసుకోండి. ఆ ఇరవై ఏడు ఖాళీగానే ఉందిగా."

ఆమె రక్తంలో ఎంత ఉన్నా అది ఆమె గురించే చెబుతుంది, ఆయన గురించి చెప్పదు. ఈ మాట అక్క నోటి దాకా వచ్చింది. దాని వెనకే ఇంకొకటి తోచింది. ఇంటి దాకా వచ్చిన మందు గుడ్డలోనే ఎందుకు ఆగుతుంది?

"వద్దమ్మాయ్," అంది.

ఎందుకు వద్దో చెప్పాలంటే, ఆమె ఒంట్లోనూ ఆ మందు ఉంటుందని తనకు తెలుసని చెప్పాలి. మరదలు చేయి చాచే ఉంచింది. మణికట్టు దగ్గర సబ్బునురగ ఆరిపోతోంది.