వాషరు తిరిగే ఉంటుంది

టీ గ్లాసును తీసుకుని ముందు పెదవికి ఆనించి చూసుకున్నాడు. వేడి ఎంతో ఈ మధ్య పెదవే చెప్పాలి. చురుక్కుమంది. గ్లాసును బల్ల మీద పెట్టేసి వేళ్ళ కొసలను ప్యాంటుకు రుద్దుకున్నాడు. అవి తెల్లగా, నీళ్ళలో నానిన చెక్కముక్కల్లా ఉన్నాయి. రుద్దుతుంటే బట్ట కదలడం కనబడింది గాని తెలియలేదు.

మోటారుసైకిళ్ళు బాగుచేసే ఆ షెడ్డులో అతన్ని అందరూ డాక్టరంటారు. యజమాని పెట్టిన పేరది. యజమాని అతని భార్యకు అన్న. నడుస్తున్న ఇంజిన్ మీద అరచెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, ఏ బేరింగు అరిగిందో చెప్పడం చూసి మొదట వేళాకోళంగా అన్నాడు. తరువాత అదే ఖాయమైపోయింది. ఆ పేరు చాటున అతను చాలా ఏళ్ళు హాయిగా బతికాడు. ఇప్పుడు దాన్ని మోస్తున్నాడు. ఇన్నేళ్ళుగా బండ్ల అదురంతా పోగుపడి వేళ్ళలోకి ఎక్కిందేమో, పోయిన చలికాలం చిటికెనవేళ్ళతో మొదలై తిమ్మిరి ఒక్కో వేలినీ తీసుకుపోయింది. పొద్దున చొక్కా గుండీలు భార్య పెడుతుంది. "అన్నయ్యకు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అని ఇవాళ కూడా అడిగింది. అతను కాలరు సర్దుకుని వచ్చేశాడు.

ఇదే బండితో ఇప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్ళిన ఆసుపత్రి నర్సు బండి దిగి, హెల్మెట్ తీసి, వాకిట్లోనే నిలబడింది. బండి ఇంకా కొత్త వాసన వేస్తోంది. వెనక కొక్కేనికి పిల్లవాడి చిన్న హెల్మెట్ వేలాడుతోంది.

"మళ్ళీ వచ్చిందండీ వణుకు."

"ఎక్కడ?"

"వంతెన దిగేటప్పుడు. అదీ రోజూ రాదు. మా ఆయన సందు చివరిదాకా తోలి చూసి ఏమీ లేదంటాడు. నీ చేతులే వణుకుతున్నాయి, డ్యూటీలు తగ్గించుకోమంటాడు."

షెడ్డులో మిగతా ఇద్దరు మెకానిక్‌లు అప్పటికి రెండుసార్లు ఆ బండి చూశారు. చక్రాలు చూశారు, గొలుసు చూశారు, ప్రతి బోల్టుకూ పానా పెట్టి చూశారు. అన్నీ బిగువుగానే ఉన్నాయి.

కౌంటరు వెనక నుంచి యజమాని నవ్వాడు. "కొత్త బండి కదమ్మా. కొత్త కోడలికి ఉండే బెదురే. నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది."

"కోడలు బెదురుతోందంటే ఇంట్లో ఎవరో ఏదో అన్నట్టేగా," అంది నర్సు.

"అబ్బో!" అన్నాడు యజమాని. "డాక్టరూ, ఈ కేసు నీదే బాబూ. నా వల్ల కాదు."

అతను ఇంజిన్ స్టార్టు చేసి ట్యాంకు మీద అరచెయ్యి వేశాడు. కళ్ళు మూసుకున్నాడు. ఏమీ లేదు. ఒకప్పుడు ఏమీ లేదంటే బండిలో ఏమీ లేదని. ఇప్పుడు ఆ ఏమీ లేనిది బండిలోనో తన చేతిలోనో తెలియడం లేదు. అందరూ తనవైపు చూస్తున్నారని మూసిన కళ్ళకే తెలిసింది. 'మీ భ్రమేనమ్మా' అనే మాట నాలుక మీద సిద్ధంగా ఉంది. అంటే నమ్ముతారు. ఆమె కూడా నమ్ముతుంది, అదీ చిక్కు. కళ్ళు తెరిచేసరికి ఆ చిన్న హెల్మెట్ ఎదురుగా కనబడింది.

"ఓసారి తోలుకొస్తాను," అన్నాడు.

ఇంజిన్ బాగా కాగేదాకా బజారంతా తిప్పి వంతెన ఎక్కాడు. దిగేటప్పుడు యాక్సిలరేటరు వదిలాడు. చేతులు ఏమీ చెప్పలేదు. కాని బిగించిన దవడ లోపల, వెనకపళ్ళ దగ్గర, ఏదో తేనెటీగలా జుమ్మంది. ఆగింది. మళ్ళీ జుమ్మంది. అతనికి ముందు కలిగింది సంతోషం. కొంత సేపటికి గాని ఆమె మాట నిజమేనన్న సంగతి తోచలేదు. అంతగా తన గురించే ఆలోచిస్తున్నందుకు సిగ్గనిపించింది.

షెడ్డుకు వచ్చి ఇంజిన్ ఆపకుండానే చెక్కపిడి పొడుగు స్క్రూడ్రైవరు తీశాడు. పిడిని పళ్ళమధ్య పట్టుకుని, కొనను ఇంజిన్ మీద ఒక్కో చోట ఆనిస్తూ వంగాడు. చలికాలం నుంచీ చాటుగా చేస్తున్న పనే. ఇవాళ చాటు చూసుకోలేదు.

"ఇదేం వైద్యం డాక్టరూ? పేషెంటును కొరుకుతున్నావు!" అన్నాడు యజమాని.

ఇంజిన్‌ను ముందువైపు ఫ్రేముకు పట్టి ఉంచే బోల్టు దగ్గర పళ్ళు మళ్ళీ జుమ్మన్నాయి. ఇంజిన్ ఆపి పానా పెట్టాడు. కదల్లేదు. బిగువుగానే ఉంది. ఒంట్లో బలమంతా పెట్టి నట్టు విప్పి, బోల్టు బయటికి లాగి వెలుగులో పట్టుకున్నాడు.

పొడుగు బోల్టు. ఇది బండిది కాదు, లెగ్ గార్డుది.

"ఆ గార్డు మోకాలికి తగులుతోందని మీరే కదండీ తీసేశారు," అంది నర్సు.

తనే తీశాడు. తీసి, బండి బోల్టు పెట్టాల్సిన చోట గార్డు బోల్టే తిరిగి పెట్టాడు. మధ్యలో గార్డు మందం లేదు గనక నట్టు బోల్టు మీది మరలు అయిపోయేదాకా వెళ్ళి ఆగిపోయింది. ఎంత బిగించినా అది ఫ్రేమును పట్టుకోలేదు, తనను తానే పట్టుకుంది. బిగించాక ప్రతిసారీ వాషరును వేలికొసతో తిప్పి చూడటం అతని అలవాటు. తిరిగిందంటే లోపల పట్టు లేనట్టు. ఆ రోజూ తిప్పే ఉంటాడు. అది తిరిగే ఉంటుంది.

బోల్టుల డబ్బా బల్ల మీద బోర్లించి వెతికాడు. వేళ్ళకు అన్నీ ఒకటే. ఒక్కొక్కటీ పక్కన పెట్టి కంటితో పోల్చుకోవాల్సి వచ్చింది. గోరంత తేడా.

"చెయ్యి చూడండి," అంది నర్సు.

ఏ బోల్టు అంచు కోసిందో, బొటనవేలి నుంచి రక్తం బల్ల మీద చుక్కలుగా పడుతోంది. ఆమె ఆ చేతిని పట్టుకుని గుడ్డ చుట్టింది. తరువాత చూపుడువేలి కొసను గోటితో గట్టిగా నొక్కింది. అతను వేలు వెనక్కి లాక్కోకుండా ఆమె గోటిని చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" గొంతు తగ్గించి అడిగింది.

"బండిది ఏ తప్పూ లేదమ్మా," అన్నాడు అతను. "మీ చేతులదీ కాదు. మీ ఆయనతో చెప్పండి."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "రేపు పొద్దున ఆసుపత్రికి రండి. నేనుంటాను."

చిన్న బోల్టు పెట్టి బిగించాక, వాషరును తిప్పి చూడమని ఆమెకే చెప్పాడు. ఆమె వేలితో తోసింది. తిరగలేదు. వంతెన దాకా వెళ్ళొచ్చి, హెల్మెట్ తీయకుండానే తల ఊపి, చెయ్యెత్తి వెళ్ళిపోయింది.

సాయంత్రం షెడ్డు కడిగాక యజమాని తాళాలు తీసుకుంటూ, "భలే పట్టావు బావా," అన్నాడు. "రేపు ఆ ఎర్ర బండి బ్రేకులు నువ్వే చూడు. మిగతావాళ్ళ మీద నాకు నమ్మకం లేదు."

"బ్రేకులు నేను చూడను బావా."

"ఏం? అలిగావా?"

"ఇంక ఏ బండీ చూడను."

యజమాని నవ్వబోయి, బొటనవేలికి చుట్టిన గుడ్డను చూసి ఆగాడు. రక్తం దాన్ని దాటి వచ్చి ఎండిపోయి ఉంది. డాక్టరు దాన్ని ఇంకా గమనించనేలేదు.

"మా చెల్లికి తెలుసా?"

"నీకంటే ముందే."

"పోనీ, కౌంటర్లో కూర్చో. నీ కుర్చీ ఎక్కడికీ పోదు."

"చూద్దాం," అన్నాడు. షెడ్డు చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. తన చొక్కా వేసుకుని, గుండీలు పెట్టుకోకుండానే వీధిలోకి నడిచాడు.

బల్ల మీద పొడుగు బోల్టు పక్కన స్క్రూడ్రైవరు ఉండిపోయింది. దాని చెక్కపిడి మీద పైవరస, కిందివరస పళ్ళగాట్లు. కింది గాట్లలో ఇంకా కాస్త తడి.