గప్పాల మీద నడిచే ట్రాక్టరు

ఆ ఏడు మాఘమాసపు చలి గురించి చెప్పాలంటే ముందు గొంగడి కప్పుకోవాలి. ధర్మసాగర్ చెరువు మీది నుంచి లేచిన మంచు ఊళ్లోకి వచ్చి కూర్చుంటే, గోడ అనుకొని బర్రెలు దానికే ఒరిగి నెమరు వేసేవి. నోట్లోంచి మాట బయటికి వస్తే అవతలి మనిషి చెవి దాకా పోలేక నడుమనే వణుకుతూ నిలబడేది. అటువంటి చలిలో రోజూ పొద్దున ఎనిమిది కొట్టగానే కరెంటు పోయేది. కొత్త స్తంభాలు పాతుతున్నారు, కొత్త తీగ గుంజుతున్నారు. సాయంత్రం ఆరింటి దాకా మళ్లీ దాని ముఖం కనపడదు.

కరెంటు పోగానే వినోద కొంగు నడుముకు చెక్కుకొని షెడ్డు వెనక ఉన్న ఎర్ర ట్రాక్టరు దగ్గరికి పోయేది. దాని పక్కనున్న పుల్లీకి పట్టా ఒక కొస, జనరేటరుకు రెండో కొస తొడిగి, "మామా, లేస్తవా" అని పిలిచేది. మామ కట్టయ్య మీసం సవరించుకుంటూ వచ్చి, డీజిల్ ట్యాంకు మూత తీసి, అందులోకి వంగి, ఒక గప్పా కొట్టేవాడు. ట్రాక్టరు గుర్రున లేచేది. షెడ్డులో బల్బు వెలిగేది.

ఆ ట్రాక్టరు గప్పాల మీద నడుస్తుంది. ట్యాంకులో డీజిల్ చుక్క పడి ఏండ్లు గడిచాయి. "పొద్దున్నే పన్నెండు జొన్నరొట్టెలు తిన్న" వంటి చిన్న గప్పాకు పావుగంట నడుస్తుంది. "ఏటూరునాగారం అడవిల పులి ఎదురైతే, చెవి మెలేసి దానితోనే నా సంచి మోపిచ్చిన" వంటిదానికి గంటన్నర ఆగకుండా నడుస్తుంది. ఒకసారి చెప్పింది రెండోసారి చెల్లదు. చెప్తే దగ్గి, నల్లపొగ ఊస్తుంది. ఊళ్లో ఎవరూ దీని గురించి పెద్దగా మాట్లాడుకోరు. కొన్ని బండ్లు పెట్రోలు తాగుతాయి, కొన్ని డీజిలు తాగుతాయి, ఇది గప్పాలు తాగుతుంది, అంతే.

షెడ్డులో ఉన్నది మహిళా సంఘం వాళ్ల గుడ్లు పొదిగే మిషను, దాన్ని చూసుకునేది వినోద. నిలువెత్తు బీరువా లాంటిది. దాని కడుపులో ఎనిమిది వందల నాటుకోడి గుడ్లు. ఇరవై ఒక్క రోజులు వేడి తగ్గకుండా, గుడ్లు ఒకే పక్కన ఉండిపోకుండా కాపాడితే పిల్లలు లేస్తాయి. ఆ చలికాలంలో ట్రాక్టరు తగిలించక ముందే కరెంటు దెబ్బకు రెండు విడతల గుడ్లు పాడయ్యాయి. సంఘం అధ్యక్షురాలు రాజేశ్వరి దాచకుండా చెప్పేసింది.

"సూడు వినోదా, ఈసారి గూడ పిల్లలు లేవకపోతే మిషను వేరే ఊరికి పోతది. నా చేతుల ఏం లేదు."

మిషను పోవడమంటే వినోదకు అదొక్కటే పోవడం కాదు. పదో తరగతిలో చదువు ఆగిపోయి, నాట్లకూ కలుపులకూ పోయి పోయి, ముప్పై ఎనిమిదేండ్లకు మొదటిసారి ఆ గదిలో ఆమెకు తానొక పని తెలిసిన మనిషినని అనిపించింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. తన గురించి చెప్పుకొనే అలవాటే ఆమెకు లేదు. వరుస తప్పకుండా నాటు వేసినా "అందరం కలిసి వేసినం" అనేది. కూర బాగుందంటే "వంకాయలు లేతయి" అనేది.

ఇరవై ఒకటో రోజు రానే వచ్చింది. పొద్దున వినోద మిషను అద్దానికి చెవి ఆనించి వింటే, లోపల టిక్కు టిక్కుమని వందల ముక్కులు పెంకులను పొడుస్తున్నాయి. ఎనిమిదింటికి కరెంటు పోయింది.

కట్టయ్య మూత తీశాడు. గొంతు సవరించాడు. "ఖిలా వరంగల్ రాతి తోరణం కింద ముగ్గురు పైల్వాన్లను ఒక్క చేత్తో..."

ట్రాక్టరు దగ్గింది. ఆయన మీసం నిండా మసి.

"అది మొన్న పెండ్లిల చెప్పినవ్ మామా," అన్నది వినోద.

"పెండ్లిల చెప్పింది ఇద్దరు పైల్వాన్లే. గిప్పుడు ముగ్గుర్ని జేసిన."

"దానికి గంత తెల్వదా?"

కట్టయ్య తల గోక్కున్నాడు. మొన్న సారంగపాణి బిడ్డ పెండ్లిలో డీజే పెట్టెలకు కరెంటు లేకపోతే ఈ ట్రాక్టరునే తోలుకొని పోయారు. పందిరి నిండా జనం, ముందు మైకు. అటువంటి చోట గప్పాలరాయుడు నోరు కట్టుకుంటాడా?

"అన్నీ ఒడగొట్టినవా మామా?"

"జనం చప్పట్లు కొడుతాంటే ఎట్ల ఆపుత బిడ్డా? ఆఖరికి పులి గూడ అండ్లనే పోయింది."

"ఇంకేం మిగిలినయ్?"

"చిల్లరవి ఉన్నయ్. ఫికర్ జెయ్యకు."

చిల్లర గప్పాలతో ఆయన పదకొండింటి దాకా గుంజాడు. తేలు కుట్టినందుకు తేలే చచ్చిన సంగతి, ఒక్క ఈలతో రైలును ఆపిన సంగతి, ముల్లుగర్రతో పిడుగును పక్క ఊరికి మళ్లించిన సంగతి. తర్వాత గొంతు బొంగురుపోయింది, సరుకూ అయిపోయింది. కిరాయికి తెద్దామంటే మంచి ముహూర్తాలు, జనరేటర్లన్నీ పెండ్లిళ్లకు పోయాయి. అప్పుడు ఊరు కదిలింది. తోడుకు పెరుగు ఇచ్చినట్టు తలా ఒక గప్పా పట్టుకొచ్చారు.

సారంగపాణి ముందుకు వచ్చి, "నా బిడ్డ పెండ్లిల పదివేల మంది కడుపునిండ తిన్నరు!" అని ట్యాంకులోకి అరిచాడు. ట్రాక్టరు నడిచింది గానీ పది నిమిషాలే. మటన్ ఎన్ని గంటలకు అయిపోయిందో దానికి తెలుసు. పందిరి పక్కనే ఉన్నది కదా.

రాజేశ్వరి తాను ఆఫీసులో బల్ల గుద్ది మాట్లాడిన ముచ్చట చెప్పింది. దాంతో అరగంట గడిచింది. లైన్‌మన్ గోపాల్‌కు ఫోను చేసి, స్పీకరు పెట్టి, ఫోనును ట్యాంకు మూతి దగ్గర పట్టుకున్నారు. "ఐదే నిమిషాలు అక్కా, కరెంటు ఇస్తాన!" అన్నాడతను. ఆ ఒక్క మాట మీద ట్రాక్టరు ముప్పావుగంట ఊగిపోతూ నడిచింది.

రెండు గంటలకు ఊరి గప్పాలన్నీ ఒడిసిపోయాయి. జనరేటరు మీది ముల్లు కిందికి జారింది. బల్బు బీడీ కొసలా ఎర్రబడింది. మిషను మీద వేడి ఒక డిగ్రీ పడిపోయింది. లోపలి టిక్కు టిక్కులు ఒకటొకటిగా సన్నగిల్లుతున్నాయి.

"నువ్వు చెప్పు వినోదా," అన్నది రాజేశ్వరి.

"నాకు గప్పాలు రావక్కా."

"వచ్చినయే చెప్పు. జల్ది!"

వినోద వంగింది. ట్యాంకులోంచి చల్లటి ఇనుప వాసన వచ్చింది. "నేను... ఒక్కదాన్నే వంద బిందెలు మోసిన" అన్నది. ట్రాక్టరు తుమ్మినట్టు చేసి ఊరుకుంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె కండ్లు మూసుకుంది. చెవుల్లో పెంకుల చప్పుడు ఒక్కటే ఉన్నది.

"ఈ గుడ్లను తిప్పింది నేను," అన్నది మెల్లగా.

రాజేశ్వరి ముందుకు వచ్చింది. "మిషనే తిప్పుతది గదనే?"

"నాలుగో రోజే తిప్పే మోటరు కాలిపోయిందక్కా. చెప్తే మిషను తీస్కపోతరని చెప్పలే. ఒక్కొక్క గుడ్డుకు ఒక దిక్కు గీత, ఒక దిక్కు చుక్క పెట్టిన పెన్సిలుతోని. పొద్దున, పగటాల, పండుకునే ముంగట, రోజుకు మూడుసార్లు ఎనిమిది వందల గుడ్లు నా చేతులతోని తిప్పిన. పద్దెనిమిదో రోజు దాకా, ఆ మీద తిప్పొద్దు. ఒక్కటంటే ఒక్కటి పగలలే."

  ట్రాక్టరు పొగ లేకుండా, కుదుపు లేకుండా లేచింది. కట్టయ్య గప్పాలకు ముల్లు మేకపిల్లలా ఎగిరేది. ఇప్పుడు ముసలమ్మ మెట్లెక్కినట్టు ఒక్కొక్క గీతే ఎక్కి, పైకి పోయి కూర్చుంది. బల్బు రెప్ప కొట్టలేదు. మూడయింది, నాలుగయింది. నాలుగున్నరకు అద్దం వెనక మొదటి పిల్ల తడిసిన దూదిలా బయటపడి, తన పెంకు మీదే తూలి పడింది. అప్పుడే ముల్లు మళ్లీ దిగసాగింది.

"ఇంకొక్కటి చెప్పవే! నీ కాల్మొక్కుత," అన్నది రాజేశ్వరి.

వినోద మామ వైపు చూసి తల దించుకుంది. ఇంకొకటి ఉన్నది. ఊరందరికీ తెలిసిందే, కాకపోతే కట్టయ్య పేరు మీద. పెద్ద వాన ఏడు కాలువ తెగి రోడ్డు మునిగిన రోజున, గుండెనొప్పితో పడిపోయిన భార్య భద్రమ్మను కట్టయ్య ట్రాక్టరు మీద నీళ్లలోంచి దవాఖానకు చేర్చిన కథ. చాయ్ బండి దగ్గర వంద సార్లు చెప్పాడు. ట్యాంకులోకి మాత్రం ఎన్నడూ చెప్పలేదు. ఎందుకని అడిగితే "ఆపతికి దాసిన" అనేవాడు. ఇవాళ ఇంత ఆపతిలోనూ చెప్పలేదు.

ఇంటి కోడలు నలుగురిలో మామ పరువు ఎట్లా తీస్తుంది? లోపల పిల్లలు పెంకుల్లోనే ఆగిపోతుంటే ఎట్లా ఊరుకుంటుంది? 

కట్టయ్యే లేచి వచ్చాడు. పొద్దున్నుంచి మూయని ట్యాంకు మీద చెయ్యి వేసి, బొంగురు గొంతుతో, "చెప్పు బిడ్డా. అది నా నోట చెప్తే ఇది నడువది, ఆ నీళ్లల్ల పోయింది ఇదే గద, అంత సూసింది. ఆ రోజు నేను ట్రాలీల నెత్తి పట్టుకొని ఏడ్సుకుంట కూసున్న. స్టీరింగు నీ చేతుల ఉండె" అన్నాడు.

గడప మీద కూర్చున్న భద్రమ్మ నోట్లోని పుల్ల తీసి పక్కన పెట్టింది. "ఇన్నాళ్లకు నీ నోట్లె నుంచి ఒక నిజం రాలిందా? నువ్వు నన్ను మోసుకపోయినవని ఊరంత అంటాంటే, నాకు గుండెనొప్పి కన్న నవ్వే ఎక్కువ వచ్చేది."

ఊరంతా ఘొల్లుమన్నది. ఆ నవ్వులోనే వినోద గొంతు విప్పింది. అంతకు ముందు స్టీరింగు ముట్టని సంగతి, ఇంజను మునగకుండా రోడ్డు నడి గట్టు మీదనే పోనిచ్చిన సంగతి, నీళ్ల కింద నేల తగులుతుందో లేదో చక్రాల బరువుతోనే తెలుసుకున్న సంగతి, "నీళ్ల దిక్కు సూడకు, ముంగట సూడు" అని అత్త వెనక నుంచి చెప్తూ వచ్చిన సంగతి, ఒక్కటీ వదలకుండా చెప్పింది. మొదట ట్యాంకుకు చెప్పింది. తర్వాత తల ఎత్తి మనుషులకు చెప్పింది.

ఆరింటికి కరెంటు వచ్చింది. ట్రాక్టరుకు ఆ సంగతి పట్టలేదు. పట్టా ఊడదీసినా ఏడున్నర దాకా నడుస్తూనే ఉన్నది. మిషనులో ఏడు వందల చిల్లర పిల్లలు. వాటి కిచకిచలకు ఊళ్లో మంచు చిరిగి, చుక్కలు కనపడ్డాయి.

వారం తిరక్కముందే మండలం నుంచి పశువుల డాక్టరమ్మ రమ్య వచ్చింది. అడవి దిక్కు మూడు ఊర్లకు కొత్త మిషన్లు ఇస్తున్నారట. వాటిని నడపడం నేర్పే మనిషి కావాలట. అంత చలిలో ఇన్ని పిల్లలను ఎవరు లేపారని అడిగింది. అలవాటు ప్రకారం అందరూ కట్టయ్య వైపు తిరిగారు. కట్టయ్య తెరిచిన నోరు మూసుకొని కోడలి వైపు చూశాడు.

"నేను మేడం," అన్నది వినోద. "మోటరు కాలిపోతే ఏం జెయ్యాలె, అది గూడ నేర్పుత."

సోమవారం పొద్దున్నే ఆమె ఏటూరునాగారం బస్సెక్కింది. సంచిలో ఒక చీర, డజను పెన్సిళ్లు. బస్సు కదిలే దాకా కట్టయ్య కిటికీ పట్టుకొని కండక్టరుకు తన కోడలి గురించి చెప్తూనే ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒక్క ముక్క కూడా కలపకుండా.