లోపలి గడియ

ఉదయం తొమ్మిది గంటలకు నరహరి పంతులుగారి రాతగది వీధంత పొడవుంది. నిన్నటిదాకా అది పదడుగుల గది. ఈవేళ కిటికీ ఉండవలసిన గోడ కనుచూపుమేరలో లేదు. పుస్తకాల బీరువాలు రెండు వరసలుగా సాగి సాగి, చివర్న అగ్గిపెట్టెలంత చిన్నవైపోయి, పల్చటి మంచులో కలిసిపోతున్నాయి.

ఆయన చెల్లెలు వర్ధనమ్మ కాఫీగ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"రాత్రినుంచీ పెరుగుతోందే," అంటాడు అన్నగారు, కాగితాల మీంచి తల ఎత్తకుండా. "ఊడవడానికి కష్టమని బెంగపెట్టుకుంటావని నీకు చెప్పలేదు."

ఆమె నిజంగానే ఊడవడం గురించే ఆలోచిస్తోంది.

నరహరి పంతులుగారంటే అమలాపురంలో తెలియనివాళ్ళు లేరు. అన్ని కులాలవాళ్ళనీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనం పెట్టినందుకు ఒకసారి ఆయన మీద పేడనీళ్ళు కుమ్మరించారు. ఆయన ఇంట్లోకెళ్ళి పంచె మార్చుకుని వచ్చి, పప్పు వడ్డించడం ఎక్కడ ఆపాడో అక్కణ్ణుంచే మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన ఒకే పుస్తకం రాస్తున్నాడు. అందులో సమ్మతపురమని ఒక ఊరుంది. ఆ ఊరికి రాజు లేడు, మునసబు లేడు, కరణం లేడు. వారానికొకరు చీటీ తీసి ఊరిపెద్ద అవుతారు. అందరూ చెయ్యెత్తితే తప్ప ఏ చట్టమూ చెల్లదు. దొంగలు లేరు కాబట్టి ఇళ్ళకు తలుపులు లేవు.

ఆయన రాసిందంతా శుద్ధప్రతి తీసేది వర్ధనమ్మ. పదకొండో ఏట భర్త పోయి, పుట్టింటికి తిరిగొచ్చిన చెల్లెలికి ఆయనే పలకాబలపం కొనిచ్చి చదువు చెప్పాడు. చుట్టాలు మాట్లాడటం మానేశారు. ఇప్పుడామెకు నలభై. పదహారు అధ్యాయాల్లో పదిహేను ఆమె చేత్తో రాసినవే. తొమ్మిదోది మాత్రం ఆయన ఎప్పుడూ ఇవ్వలేదు. అడిగినప్పుడల్లా "ఇంకా అవలేదే" అని సొరుగు మూసేసేవాడు. అలా పదకొండేళ్ళు గడిచాయి.

ఇప్పుడు ఆయన ఆ సొరుగు తెరిచి ఒక ఉత్తరం తీసి ఇస్తాడు. అది తెల్లవారుతుండగా బీరువాల మధ్యనుంచి నడిచి వచ్చిందట.

"మా ఊరు ఎవరి దస్తూరీలో ఉన్నదో వారిని ఒక్కమారు పంపవలెను. తొమ్మిదో అధ్యాయము వద్ద ఒక మనిషి ఆగిపోయి ఉన్నది. ఇట్లు, ఈ వారపు ఊరిపెద్ద, పోలయ్య."

"నేనే వెళ్ళేవాణ్ణి. మోకాళ్ళు సహకరించడం లేదు," అంటాడు పంతులు. "మధ్యాహ్నం ప్రెస్సు మనిషి వస్తాడు. ఒకసారి అచ్చులో పడితే ఇంక అంతే. ఎలా ఉన్నవాళ్ళు అలాగే ఉండిపోతారు."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెల్లెలి ముఖంకేసి చూడడు. ఆమె గ్లాసు బల్లమీద పెట్టి, చెంగు నడుముకి దోపుకుని నడక మొదలుపెడుతుంది.

నూరడుగులు వేసేసరికి బీరువాలు ఇళ్ళవుతాయి. ఇళ్ళన్నీ కాస్త కుడివైపుకి ఒరిగి ఉన్నాయి, ఆమె అక్షరాలు ఒరిగినట్టే. ఒక ఇంటి గోడమీద పెద్ద నల్లమచ్చ ఉంది. ఎనిమిదో అధ్యాయం రాస్తుంటే పొయ్యిమీద పాలు పొంగాయి. ఆ కంగారులో ఆమె సిరాబుడ్డి ఒలకబోసింది ఇక్కడే. ఆ ఇంటివాళ్ళు మచ్చ చుట్టూ ముగ్గు వేసుకుని, మధ్యలో పసుపూ కుంకుమా పెట్టుకున్నారు. ఆమెకు చెప్పలేనంత మొహమాటంగా ఉంది.

పోలయ్య అరుగుమీద నులకమంచం అల్లుతున్నాడు. ఆమెను చూసి లేచి, చేతులు పంచెకి తుడుచుకుంటాడు.

"రండమ్మా. మొదట్లో మేం గ్రాంథికం మాట్టాడేవాళ్ళమండి, అయ్యగారు రాసినట్టే. దవడలు నొప్పెట్టి మానేశామండి. ఆరితో అనకండేం."

"అననులే," అంటుంది వర్ధనమ్మ.

అతను ఆమెను ఊరి మధ్యకు తీసుకెళతాడు. అక్కడ మోకాలెత్తు గోడ ఒకటి వీధి వెంట పోతోంది. దాని ఇటుకలన్నీ అక్షరాలు, అన్నగారి సొంత దస్తూరీలో. ఆమె గోడ వెంట నడుస్తూ చదువుకుంటుంది. "ఈ పురమున ఏకాకినియగు స్త్రీ". అక్కడితో గోడ ఆగిపోయింది. గోడ ఆగినచోట ఒకావిడ కుడికాలు ఎత్తి, ఎత్తినట్టే నిలబడి ఉంది.

ఒకతను ఆవిడకు గొడుగు పట్టుకున్నాడు. ఇంకొకావిడ నేలమీద కూర్చుని, ఎత్తిన పాదాన్ని రెండు చేతులతో మోస్తోంది. గంట కాగానే వేరే ఇద్దరొచ్చి, మాట్లాడకుండా గొడుగూ పాదమూ అందుకుంటారు. పదకొండేళ్ళుగా అలాగే మారుతున్నారట. ఆ పని ఎవరూ ఎగ్గొట్టలేదట.

"కాలు నొప్పిగా ఉందా?" అని అడుగుతుంది వర్ధనమ్మ.

"నొప్పి లేదమ్మా. వీళ్ళు బాగా చూస్తారు. కాలు ఎక్కడ పెట్టాలో రాయలేదు, అంతే."

"నీకేం కావాలో నువ్వే చెప్పకూడదూ?"

"నాకు కావడమన్నది వాక్యం చివర్న వస్తుంది. ఇంకా రాలేదు." ఆవిడ ఆమెకేసి మంచిగా చూస్తుంది. "మీకేం కావాలమ్మా?"

ఈ ప్రశ్న తనను ఎవరైనా ఎప్పుడైనా అడిగారేమోనని వర్ధనమ్మ వెతుక్కుంటుంది. కూరకేం కావాలని అడిగారు. బజార్నుంచి ఏం తేవాలని అడిగారు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆమె పడక ఇంటి నడవలో. వీధిగదికీ పెరటికీ మధ్య దారి అది. అన్నగారి స్నేహితులు, పనివాళ్ళు, పెరట్లోకి చెంబు పట్టుకుని వెళ్ళేవాళ్ళు, అందరూ ఆమె చాప పక్కనుంచే వెళతారు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. "పడుకో పడుకో, లేవకు" అంటూ వెళతారు. ఆమె మాత్రం ప్రతిసారీ లేచి కూర్చుంటుంది. చీర మార్చుకునేది బియ్యం గాదె వెనక, ఒక చెవి బయటికి పెట్టి.

"తలుపు," అంటుంది చివరికి. "లోపలినుంచి గడియ ఉండాలి."

గొడుగు పట్టుకున్నతను పోలయ్యకేసి చూస్తాడు. పోలయ్య నెత్తి గోక్కుంటాడు.

"తలుపులు ఉండకూడదని మొదటి అధ్యాయంలో ఉందండి. మార్చాలంటే అందరూ చెయ్యెత్తాలి."

కబురు పెట్టగానే ఊరంతా వస్తుంది. నూతిలోంచి కొందరు, మాగాయ జాడీలోంచి ఒక కుటుంబం, ఇంకా రాయని పదిహేడో అధ్యాయంలోంచి ముగ్గురు ముసలివాళ్ళు. పోలయ్య సంగతి చెబుతాడు. చేతులన్నీ లేస్తాయి. అతను లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెడతాడు.

"ఒక చెయ్యి తక్కువైందమ్మా. రాసినాయనది."

వర్ధనమ్మ వెనక్కి తిరుగుతుంది. వచ్చినప్పుడు అరగంట పట్టిన దారి ఇప్పుడు నాలుగంగలే.

అన్నగారు కాఫీ తాగలేదు. ఆమె చెప్పింది విని కళ్ళజోడు తీసి పక్కన పెడతాడు.

"తలుపెందుకే? ఆ ఊళ్ళో దొంగలే ఉండరే."

"దొంగల కోసం కాదన్నయ్యా."

ఆయన కళ్ళు ఆమె భుజం మీదుగా గుమ్మం దాటి నడవలోకి వెళతాయి. చుట్టిపెట్టిన చాప, గోడకి ఆనించిన ట్రంకుపెట్టె, వాటి పక్కనుంచి పెరట్లోకి వెళుతున్న పాలేరు. ఆ నడవని ఆయన రోజుకు పదిసార్లు దాటుతాడు. ఇప్పుడు దాన్ని చాలాసేపు చూస్తాడు.

"ఆ వాక్యానికి నాలుగు ముగింపులు రాశానే," అంటాడు మెల్లిగా. "మళ్ళీ పెళ్ళి చేసుకొనును అన్నాను. విద్య నేర్చుకొనును అన్నాను. లోకసేవ చేయును అన్నాను. నాలుగోది ఏమిటో మరిచిపోయాను. ఏది రాసినా ఆ మనిషికి నీ ముఖం వచ్చేసేది. నిన్నడగాలనిపించేది. కాకినాడలో నాలుగువేలమంది ముందు మాట్లాడినవాణ్ణి, నడవలోకొచ్చి నిన్ను ఒక్క మాట అడగడానికి సిగ్గేసింది."

"అడిగితే చెప్పేదాన్ని."

"తెలుసే. అందుకే."

ఆయన మొదటి అధ్యాయం కట్ట ముందుకు లాక్కుంటాడు.

"తలుపులు పెడితే మొదటి అధ్యాయమంతా మార్చాలి," అంటాడాయన.

"మార్చు."

ఆయన నవ్వబోయి, నవ్వు రాక, కుడిచెయ్యి పైకెత్తుతాడు. ఎక్కడో దూరంగా పోలయ్య గొంతు "అందిందండి" అంటుంది. చెయ్యి దించాక ఆయన కలం సిరాలో ముంచి, విదిలించి, చెల్లెలికిస్తాడు.

"గ్రాంథికంలోనే రాయాలా?" అని అడుగుతుందామె.

"నీ ఇష్టమే."

మళ్ళీ ఆ ఊళ్ళోకి వచ్చి, గోడ చివర వర్ధనమ్మ గొంతుకూర్చుంటుంది. కలం ఆనగానే ఇటుకలు వాటంతటవే పేరుకుంటాయి, కాస్త కుడివైపుకి ఒరిగి. "ఈ పురమున ఏకాకినియగు స్త్రీ తన గదికి తలుపు పెట్టుకుని, లోపలి గడియ తనే వేసుకుంటుంది." చుక్క పెడుతుంది.

ఎత్తిన కాలు నేలమీద ఆనుతుంది. ఆ పాదాన్ని మోస్తున్న మనిషి ఖాళీ అయిన చేతుల్ని చూసుకుని, ఏం చెయ్యాలో తోచక, వాటిని ఒళ్ళో పెట్టుకుంటుంది. ఒకావిడ వచ్చి ఆమె పక్కన కూర్చుంటుంది. అడుగు వేసినావిడ తొందరేమీ లేకుండా వీధి దాటుతుంది. ఒక ఇంటి గోడ పక్కకి జరిగి తలుపు ఇస్తుంది. ఆవిడ లోపలికెళ్ళి మూసుకుంటుంది. గడియ పడ్డ చప్పుడు ఊరంతా వింటుంది. అలాంటి చప్పుడు వాళ్ళెప్పుడూ వినలేదు. ఒక ముసలాయన "బాగుంది" అంటాడు. అందరూ ఎవరి పనికి వాళ్ళు వెళతారు.

పోలయ్య మాత్రం ఇంకో తలుపు వీపుమీద మోసుకొచ్చి ఆమె ముందు దించుతాడు. పనసచెక్కతో చేసిన తలుపు, పచ్చిచెక్క వాసన వేస్తోంది.

"ఇది మీదండి."

"నేనీ ఊరిదాన్ని కాదు పోలయ్యా."

"చట్టంలో ఊరిపేరు లేదుగదమ్మా. 'ఈ పురమున' అన్నారు. మీరిప్పుడు నిలబడ్డది ఈ పురంలోనే."

ఆమె తలుపుని తను రాసిన వాక్యం చివర గోడకి ఆనించగానే అది నిలుచుంటుంది. దూరంగా ప్రెస్సు మనిషి వచ్చిన అలికిడి, అన్నగారు "వర్ధనీ" అని పిలవడం వినిపిస్తాయి. ఆమె పలకబోయి పలకదు. కొంతసేపటికి ఆయనే, "పోనీలే, వీలున్నప్పుడు తనే వస్తుంది. కూర్చోండి, కాఫీ నేను పెడతాను," అని ప్రెస్సు మనిషితో అనడం వినిపిస్తుంది.

ఆమె లోపలికెళ్ళి గడియ వేసుకుంటుంది.

గది చిన్నది, అందులోంచి ఎవరూ దాటి వెళ్ళే దారి లేదు. నేల ఉండవలసిన చోట నది ఉంది. గట్టుమీద ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఆ నదిని దువ్వుతున్నారు. చిక్కు తీసినప్పుడల్లా దువ్వెన పళ్ళకి చిన్నచిన్న చేపలు, తెగిన పడవతాళ్ళు, నిరుటి వరదలో మునిగిన ఒక బడిగంట తగులుకుని వస్తున్నాయి. నదిని మూడు పాయలు చేశారు. రెండింటిని చెరొకరూ పట్టుకున్నారు. మూడో పాయ పట్టేవాళ్ళు లేక జారిపోతోంది.

"పట్టుకో అమ్మా," అంటుంది దగ్గరున్నావిడ. "సముద్రం దాకా అల్లాలి."

వర్ధనమ్మ కూర్చుని మూడో పాయని రెండు చేతులా ఎత్తుతుంది. అది చల్లగా, పసిబిడ్డంత బరువుగా ఉంది. లోపల ఎక్కడో ఒక లాంచీ కూత వేస్తోంది. ఆమె దాన్ని నడిమిపాయ మీదుగా వేసి బిగించి లాగుతుంది. ఎగువన, ఇటు వీపు పెట్టి కూర్చున్న కొండలు, జడ వేయించుకునే ఆడపిల్లల్లాగా, తలలు మెల్లగా వెనక్కి వాలుస్తాయి.