మళ్ళీ ఎగరేయండి

మాతో కోతకొచ్చిన కూలి పిల్ల సైదాను మిరప చేలోంచి మోసుకొచ్చి గట్టు మీద పడుకోబెట్టేసరికి ఆమె నోటి వెంట నురగ కారుతోంది. పక్క సాళ్ళలో ఇంకొందరు ఆడవాళ్ళు కడుపు పట్టుకుని కక్కుకుంటున్నారు. అంబులెన్సు రాకముందే ఆ పిల్ల ప్రాణం పోయింది. డ్రోన్ మాత్రం పురుగుమందు చల్లుతూ తిరుగుతూనే ఉంది. దింపమని మేం పెట్టిన కేకలు షామియానాలో మైకు మోతకు ఎవరికీ వినపడలేదు.

కొత్త పథకం కింద సర్కారు పెట్టిన ప్రదర్శన అది. మేం చేలో ఉండగానే మందు చల్లించారు, కోత ఆపనివ్వలేదు. ఆసామి అంకమ్మరావుకు కాయ తొందర, వ్యవసాయాధికారికి ఫొటో తొందర.

డ్రోన్ దిగాక అధికారి వచ్చి శవాన్ని దూరం నుంచే చూశాడు.

"వడదెబ్బమ్మా. ఈ మందు శాస్త్రవేత్తలు పరీక్షించింది, ప్రభుత్వం ఒప్పుకున్నది. మనుషులకేం కాదు."

మా కోతల మేస్త్రి ఎలీసమ్మ సైదా కళ్ళు మూసి లేచింది. ఆమె వెనక మేమంతా లేచాం.

"ఎవరి మీద పరీక్షించారు సార్? మా మీదేనా?"

"ఏయ్, ఎవరితో మాట్లాడుతున్నావే?" అన్నాడు అంకమ్మరావు.

"నోర్ముయ్‌రా!" అని ట్రాక్టరు తోలే జోసఫ్ అరిచాడు. ఆసామిని 'రా' అన్నవాణ్ణి మా పేట అంతవరకూ చూడలేదు. మా ఒళ్ళు పులకరించింది.

ఎలీసమ్మ గొంతు మాత్రం పెరగలేదు. "మనుషులకేం కాదన్నారుగా. మీరిద్దరూ సాళ్ళలో నిలబడండి. మళ్ళీ ఎగరేయండి. మేమూ చూస్తాం."

ఇద్దర్నీ చొక్కాలు పట్టి ఈడ్చాం. మిరప చెట్లు పటపటా విరిగాయి. జోసఫ్ డ్రోన్ నడిపే ఆపరేటర్ మెడ మీద చెయ్యి వేశాడు. డ్రోన్ లేచి వాళ్ళ నెత్తి మీదికి వచ్చింది. అధికారి మట్టిలో బోర్లా పడి మొహం దాచుకున్నాడు.

"వద్దు! ఆపండి! విషంరా అది, చచ్చిపోతాం!"

చేనంతా ఆ మాట వింది. డ్రోన్ దిగింది. జోసఫ్ దాని మీదికి గడ్డపార ఎత్తితే ఎలీసమ్మ అడ్డుకుంది.

"యంత్రమేం చేసిందిరా? ఎగరేయించినోళ్ళని వదలమాకండి. సార్, ఇంక వడదెబ్బని రాయండి చూద్దాం!"

పోలీసులు శవం కోసం వచ్చారు. మేం ఇవ్వకుండా చుట్టూ కూర్చున్నాం. లాఠీలు విరిగేదాకా కొట్టారు. జోసఫ్ చెయ్యి విరిగింది, ఎలీసమ్మ తల పగిలింది. నెత్తురోడుతున్న ఆమెను జుట్టు పట్టి వ్యానులోకి విసిరారు. "విషమని ఆ సారే తన నోటితో చెప్పాడు! ఊరూరా చెప్పండి!" అని అరుస్తూనే వెళ్ళింది.

చెప్పాం. తర్వాతి ప్రదర్శన మార్టూరు వైపు ఊళ్ళో పెట్టారు. అక్కడి కూలీలు ఒక్కరూ కోతకు దిగలేదు. షామియానాలోని కుర్చీలన్నీ మోసుకెళ్ళి మిరప సాళ్ళ మధ్య వేసి, అధికారుల్ని కూర్చోమన్నారు.

డ్రోన్ ఎగరలేదు.