ఎర్రదొక్కటే

బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే పనికి ఒక పూట సెలవు పెట్టి వచ్చిందేమో, పెద్దకోడలికి క్లినిక్‌లో ముళ్ల మీద కూర్చున్నట్టుంది. పక్కనే తోడికోడలు. తన తర్వాత రెండు నెలలకు క్షయ అంటుకున్న మనిషి, తనకంటే ముందే కోలుకుని బుగ్గలు నింపుకుంది. ఆ బుగ్గలు చూస్తే పెద్దకోడలికి ఒళ్లు మండిపోతోంది. చిన్నది ఇంట్లో పడుకుని కోలుకుంది, అదీ పెద్దదాని జీతం మీద. "అది నాజూకు, నువ్వు మొండిఘటానివి" అని అత్తగారు ఏనాడో తేల్చేసింది.

నర్సు కాగితాలు తెచ్చింది. చిన్నదాని కఫంలో క్రిములు లేవు. పెద్దదాని కఫంలో ఇంకా ఉన్నాయి.

"దీనికి మంచి మందులిచ్చి నాకు నాసిరకం అంటగట్టారు!" పెద్దకోడలు లేచి నిలబడింది. "ఆ మంచివేవో నాకూ ఇవ్వండి."

నర్సు ఇద్దరి మందుల డబ్బాలూ అడిగింది. పెద్దకోడలు సంచీ గట్టిగా పట్టుకుంది. తోడికోడలే చనువుగా అందులోంచి డబ్బా తీసి ఇచ్చింది, మహా సాయం చేసినట్టు.

చిన్నదాని డబ్బా ఖాళీ. పెద్దదాని డబ్బా బోర్లిస్తే తెల్ల మాత్రలూ పసుపు మాత్రలూ జలజలా రాలాయి. ఎర్రవి ఒక్కటీ లేవు.

"ఎర్రదొక్కటే మింగావా తల్లీ?"

"అదే కదా బలమైంది! మిగతావి వేసుకుంటే కడుపులో తిప్పుతోంది. మాటిమాటికీ మిషన్ మీంచి లేస్తే సూపర్‌వైజరు పూట జీతం కోస్తాడు."

"ఒక్క మందుకి అన్ని క్రిములూ చావవమ్మా. కొన్ని కదలకుండా పడుండి, తర్వాత లేస్తాయి. తిరిగేవాటికి ఒకటి, పడుకున్నవాటికి ఇంకొకటి, అందుకే నాలుగూ కలిపిస్తాం. ఇప్పుడు ఎర్రదానికి లొంగని క్రిములు మిగిలాయేమో, మళ్లీ పరీక్ష చేయాలి. ఈసారి ఒక్కటి వదిలినా ఇక ఏ మందూ పనిచేయదు."

పెద్దకోడలికి ఏడుపు రాలేదు. కుళ్లు ఇంకా పెరిగింది. ఇద్దరికీ ఇచ్చినవి అవే మందులు! చిన్నదానికి దొరికి తనకు దొరకనిది, మింగి పడుకునే తీరిక.

"రేపు నా మిషన్ మీద నువ్వు కూర్చో," అంది తోడికోడలితో.

"నేనా? అత్తయ్య ఏమంటుందో అక్కా. సాయంత్రం అడిగి..."

"నేను అడగట్లేదే, చెప్తున్నా. రేపట్నుంచి నేను పనికెళ్లను. ఇచ్చినవన్నీ మింగి, కక్కుకుంటే కక్కుకుని, నీ మంచం మీద పడుకుంటా."

చిన్నది తన మెత్తటి వేళ్లకేసి చూసుకుంది. దూరంగా మధ్యాహ్నం షిఫ్టు సైరన్ మోగింది. పెద్దకోడలు కదల్లేదు. చిన్నదే నాలుగడుగులు వేసి, ఎటు వెళ్లాలో తెలియక గుమ్మంలో నిలబడిపోయింది.