వదలకండి

మా అక్క ఆ మాట అనలేదని నేను చెప్పను. అన్నది. ఆసుపత్రి వెనక గేటు దగ్గర, అంత జనంలో, గొంతు బొంగురుపోయేలా అన్నది. "వదలకండి, వాణ్ణి వదలకండి" అని. ఇప్పుడు ఆ మాటను మా లాండ్రీ గోడ మీద ఎర్ర రంగుతో నిలువెత్తు అక్షరాల్లో రాశారు. పక్కన మా అక్క బొమ్మ కూడా వేశారు. బొమ్మలో ఆవిడ పిడికిలి బిగించి చెయ్యి పైకెత్తి ఉంటుంది. మా అక్కకున్న కీళ్లనొప్పులకు ఆ చెయ్యి అంత పైకి లేవనే లేవదు. ఒకవేళ లేచినా, మళ్లీ దించడానికి నేను వెళ్లాలి.

ఆ గోడ ముందునుంచి పనికి వెళ్లిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాటకు అర్థం ఊరందరికీ తెలుసట, అన్న ఆవిడకు తప్ప. మేమిద్దరం ఆ ఆసుపత్రి లాండ్రీలోనే పనిచేస్తాం. తడి దుప్పటి పిండాలంటే చెరో కొస పట్టుకోవాలి. ఒకరు మెలిపెడుతుంటే రెండోవాళ్లు గట్టిగా పట్టుకుని నిలబడాలి. అప్పుడు అక్క నాతో అనే మాట అదే, "వదలకు" అని. అంటే పట్టుకో అని, జారిపోనివ్వకు అని. దానికి చంపమని అర్థం చెప్పుకున్నవాళ్లెవరూ జీవితంలో ఒక్క దుప్పటి పిండి ఉండరు.

అక్క అంటున్నాను గానీ ఆవిడ నా తోడికోడలు, మా బావగారి భార్య. వాళ్లకు ఒక్కడే కొడుకు. ఆరడుగులు పెరిగి, గుమ్మం కింద తలవంచి లోపలికొచ్చే మనిషిని ఇంట్లో మేమంతా బుడ్డోడనే పిలిచేవాళ్లం. మైకుసెట్ల షాపులో పనిచేసేవాడు. ఒకసారి పెద్దాయన ఉపన్యాసానికి మైకులు కట్టాడు. దేశాన్నేలే మనిషిని మేం పెద్దాయన అనేవాళ్లం. పేరు పెట్టి మర్యాదగా అన్నా అనుమానించేవారు, మర్యాద లేకుండా అన్నా అనుమానించేవారు మరి. ఆ ఉపన్యాసం మధ్యలో మైకు కుయ్యిమంది. జనంలో ఎవడో కిసుక్కున నవ్వాడు. నవ్వినవాడు దొరకలేదు, మైకు కట్టినవాడు దొరికాడు.

అప్పటినుంచి అక్క అడగని ఆఫీసు లేదు. ఎక్కడికెళ్లినా "పైవాళ్లకే తెలుసు" అనేవారు. పైవాళ్ల దగ్గరికి వెళ్తే వాళ్లు ఇంకా పైకి చూపించేవారు. మా బావగారు అలా తిరుగుతూనే ఒక ఆఫీసు వరండాలో కుప్పకూలి చనిపోయారు. అక్క తిరగడం మానలేదు. పని దిగగానే ఎవరో ఒక గుమాస్తా ముందు నిలబడి, వాడు విసుక్కుంటే నవ్వి, మర్నాడు మళ్లీ వెళ్లేది. నేనైతే రెండోరోజే ఆ గుమాస్తా బల్ల తిరగేసేదాన్ని. నాకు నోరెక్కువ అని మా అత్తగారు పోయేదాకా అంటూనే ఉన్నారు.

చివరికి పెద్దాయన ఏలుబడి ముగిసింది. సైన్యం రెండుగా చీలింది. మంత్రులు విమానాలెక్కి పారిపోయారు. జైళ్ల ఆఫీసుకు అందులో పనిచేసేవాళ్లే నిప్పు పెట్టి వెళ్లిపోయారు. జనం ఊళ్లో జైలు తలుపులు బద్దలు కొడితే మేమిద్దరం గేటు దగ్గర నిలబడి, బయటికొచ్చిన ప్రతి మొహమూ చూశాం. బుడ్డోడు లేడు. ఇంకా ఎక్కడో దాచిపెట్టిన జైళ్లు ఉన్నాయనీ, అవెక్కడో పెద్దాయనకూ పారిపోయిన ఆయన మనుషులకూ తప్ప ఎవరికీ తెలియదనీ ఆ వచ్చినవాళ్లే చెప్పారు. కాపలావాళ్లంతా పారిపోయి ఉంటే లోపలివాళ్లకు మంచినీళ్లు ఎవరిస్తున్నారు? అక్క ఆ మాట పైకి అనలేదు. ఇంటికొచ్చి గ్లాసుతో నీళ్లు ముంచుకుని, తాగలేక పక్కన పెట్టేసింది.

మరుసటిరోజు మధ్యాహ్నం డాక్టరమ్మ మాసిన బట్టల ట్రాలీ ఒకటి స్వయంగా తోసుకుంటూ లాండ్రీలోకి వచ్చి తలుపు గడియపెట్టింది. డాక్టరమ్మ ట్రాలీ తోయడం మేమెన్నడూ చూడలేదు.

"ఎవరొచ్చినా తలుపు తీయకండి. కోర్టు మనుషులు వస్తున్నారు. వాళ్లకి అప్పజెప్పేదాకా ఈయన పేషెంటు, అంతే" అంది.

పై దుప్పటి తొలగించి చూశాను. పెద్దాయన. గోడల మీద ఫొటోల్లో అంత మనిషి, ఆ మాసిన గుడ్డల్లో మా మామగారి ఆఖరి రోజుల్లాగా ముడుచుకుని ఉన్నాడు. పారిపోతుంటే తూటా తగిలిందట, తొడకు కట్టు, కట్టులోంచి రక్తం. నాకు జాలి కలిగిందని చెప్తే వినడానికి బాగుంటుంది గానీ, కలగలేదు.

"మా పిల్లల్ని పట్టుకెళ్లినప్పుడు ఏ కోర్టు వచ్చింది డాక్టరమ్మా?" అన్నాను.

"రాలేదు. అందుకే ఇప్పుడైనా రావాలి" అంది ఆవిడ. నాతో వాదించే తీరిక లేక వెళ్లిపోయింది, అక్క మళ్లీ గడియపెట్టింది.

ముందు గేటు వైపు నుంచి, ఆయన ఇక్కడున్నాడని తెలిసి వచ్చిన జనం అరుపులు వినిపిస్తున్నాయి. నేను తలుపు వైపు నడిచాను. నిజం చెప్తున్నాను, గడియ తీసి పిలుద్దామనే. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఆగవే. అడగనీ."

ఆవిడ ట్రాలీ పక్కన నేల మీద కూర్చుంది. ఆయన నోటికి నీళ్లు పట్టింది. ఇంట్లో తాను తాగలేకపోయిన నీళ్లు.

"అయ్యా, మా బుడ్డోణ్ణి ఎక్కడ పెట్టారయ్యా?" అంది.

ఆయన కళ్లు తెరిచి మా ఇద్దరినీ, తలుపునూ చూశాడు. తెలివి ఎక్కడికీ పోలేదు.

"బుడ్డోడా?"

"ఆ అయ్యా. మా బుడ్డోడు. మైకు కూసిందని పట్టుకెళ్లారు."

"ఆ... గుర్తున్నాడు. చిన్నపిల్లాడు. బతికే ఉన్నాడు."

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఆగలేదు.

"ఆరడుగుల మనిషి చిన్నపిల్లాడెలా అయ్యాడు? ఇంట్లో పిలిచే పేరు నీకెలా తెలుసు? అక్కా, వీడు మనకి కథలు చెప్తున్నాడే."

"లోపల వాడే చెప్పుంటాడు, నన్ను ఇలా పిలుస్తారని. ఎంత పెరిగినా పిల్లాడు పిల్లాడు కాకుండా పోతాడా?" అంది అక్క. నా వైపు చూడలేదు. "ఎక్కడున్నాడయ్యా? ఊరి పేరొక్కటి చెప్పండి."

"వెనక గేటు దగ్గర నా బండి ఉంటుంది. అక్కడిదాకా చేర్చండి. బండెక్కాక చెప్తా."

"ముందు చెప్పు" అన్నాను.

"చెప్పేస్తే తోస్తారా?" అన్నాడు.

ఆ మనిషి అంతకాలం కుర్చీలో ఎలా కూర్చున్నాడో నాకు ఆ ఒక్కమాటతో అర్థమైంది.

ముందు వైపు అద్దాలు పగిలాయి. జనం లోపలికి వచ్చేశారు. అక్క లేచి ట్రాలీ పట్టుకుంది. ఒకవేళ ఆయన చెప్పేది అబద్ధమైతే? అడిగాను. ఒకవేళ నిజమైతే, అని అడిగింది. ఆ ట్రాలీకి ముందు చక్రం ఎడమవైపు లాగుతుంది, ఒక్కరు తోస్తే పోయి గోడకు గుద్దుకుంటుంది. రెండోవైపు నేను పట్టుకున్నాను. మా బుడ్డోణ్ణి మింగినవాణ్ణి నా చేతుల్తో తోసుకుంటూ కాపాడబోయాను. అక్క కోసం కాకపోతే ఆయన మీద మొదటి రాయి నేనే వేసి ఉండేదాన్ని. ఆ సంగతి కూడా చెప్పాలి కదా.

వెనక గేటు దగ్గర బండీ లేదు, గిండీ లేదు. అక్కడా జనమే. వాచ్‌మన్, అంబులెన్స్ డ్రైవరు గేటుకు అడ్డంగా నిలబడి ఉన్నారు. ఇద్దరూ మాకు బాగా తెలిసినవాళ్లు. రోజూ మా లాండ్రీ బాయిలర్ దగ్గర చలి కాచుకుంటూ అక్కను పెద్దమ్మా అని పిలిచేవాళ్లు. వాలు మీద ట్రాలీ మా చేతుల్లోంచి జారి గేటు స్తంభానికి కొట్టుకుంది. దుప్పట్లు పక్కకు పడ్డాయి. ఆయన కింద పడ్డాడు.

జనంలో ఎవడో అరిచాడు, "పెద్దమ్మ పట్టుకొచ్చిందిరా! బుడ్డోడి అమ్మ పట్టుకొచ్చి అప్పజెప్పింది!"

మేం తప్పించబోతున్నామని ఎవరికీ తోచలేదు. కొడుకును పోగొట్టుకున్న తల్లి వాణ్ణి తప్పిస్తుందని ఎవరు మాత్రం అనుకుంటారు? వాచ్‌మన్ ఒక రెక్క, డ్రైవరు ఒక రెక్క పట్టుకుని ఆయన్ను పైకి లేపారు. డ్రైవరు మంచివాడు. "సెక్యూరిటీ రూములో పెడదాం, కోర్టువాళ్లొస్తారు, జరగండి" అంటూ వెనక్కి లాగుతున్నాడు. జనం ముందుకు లాగుతున్నారు. డ్రైవరు పట్టు సడలుతోంది. అక్కకు కనబడింది అదొక్కటే. చేతిలో ఉన్న దుప్పటి కొస జారిపోతున్నట్టే కనబడి ఉంటుంది.

"వదలకండి!" అంది ఆ ఇద్దరితో. "వాణ్ణి వదలకండి!"

డ్రైవరు తలతిప్పి అక్కను చూశాడు. వాడి తమ్ముణ్ణి ఆ ముందు వారమే పెద్దాయన మనుషులు వీధిలో కాల్చేశారు. అయినా అప్పటిదాకా ఎలాగో ఓర్చుకుని పట్టుకుని ఉన్నాడు. పెద్దమ్మే ఆ మాట అన్నాక ఇంకెందుకు ఓర్చుకోవాలి? "నువ్వు చెప్పాక ఇంకేంటి పెద్దమ్మా" అన్నాడు. మొదటి దెబ్బ వాడిదే.

ఆ తర్వాత జరిగింది నేను చెప్పను. అంతా చూశాను, చెప్పను. అక్క మాత్రం ఆ కాళ్ల మధ్యనుంచి పాకుతూ లోపలికి వెళ్లి "ఎక్కడ? ఎక్కడో చెప్పు!" అని అరుస్తూనే ఉంది. జనం ఆ మాట కూడా అందుకున్నారు. దెబ్బకొకసారి "చెప్పరా, ఎక్కడ?" అని అడిగారు. జవాబు ఎవరికీ అక్కర్లేదు. ఆయన అమ్మా అని అరిచాడు, దెబ్బలు తిన్న ఎవరైనా అరిచినట్టే. అది వింటే హాయిగా ఉంటుందని నేను ఎన్ని రాత్రులు అనుకున్నానో. హాయిగా లేదు.

డాక్టరమ్మ పరిగెత్తుకుంటూ వచ్చేసరికి అక్కను భుజాల మీద ఎత్తుకున్నారు. ఆవిడ కిందికి దించమని ఏడుస్తుంటే ఆనందబాష్పాలనుకున్నారు.

గోడ మీద బొమ్మ వేసేశాక అసలు సంగతి ఒకరిద్దరికి చెప్పి చూశాను. "ఊరుకో పిన్నీ, మీ అక్క పెద్దమనసు మాకు తెలీదా, గొప్ప చెప్పుకోదు" అన్నారు. ఇంక ఎవరితో ఏం చెప్పను.

అప్పుడు తల్లులు రావడం మొదలైంది. మొదట వచ్చినావిడ చేతిలో కూతురి ఫొటో ఉంది. పొగడ్డానికి రాలేదు. లాండ్రీ గుమ్మంలో నిలబడి అక్కను ఎగాదిగా చూసింది.

"వాడితో నువ్వు ఒంటరిగా మాట్లాడావంట కదా. మా అమ్మాయి గురించి అడిగావా?"

అక్క చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. మేం అడిగింది ఒక్కడి గురించే. ఇంకెవరైనా ఉన్నారన్న సంగతే మాకు తట్టలేదు.

"అడగలేదు కదూ?" అంది ఆవిడ. గొంతు పైకి లేచింది. "నీ కొడుకు సంగతి అడుక్కున్నావు, వదలకండని చంపించేశావు. ఇక మేమెవర్ని అడగాలి? చెప్పు, ఎవర్ని అడగాలి?"

నేను ఆవిడకు నాలుగు అంటించబోతుంటే అక్క మాట్లాడింది.

"అడిగానమ్మా. బతికే ఉందన్నాడు."

ఆవిడ గుమ్మంలోనే కూలబడిపోయింది. "ఎక్కడంట?"

"అది చెప్పేలోపే..." అంది అక్క.

ఆవిడ అక్క చేతులు తీసుకుని కళ్లకద్దుకుంది. అది చూసి పక్కవీధి నుంచి ఒకావిడ వచ్చింది. ఆ తర్వాత పొరుగూళ్ల నుంచి. అక్క అందరి ఫొటోలూ శ్రద్ధగా చూసేది. వీడు బతికే ఉన్నాడన్నాడమ్మా. ఈ అబ్బాయి కూడా గుర్తున్నాడన్నాడయ్యా. ఆ మాట పట్టుకుని జనం లారీలెక్కి కొండలన్నీ వెతికారు. పాత గిడ్డంగులు తవ్వారు. ఎక్కడా ఎవరూ దొరకలేదు, బతికి గానీ, మరోలా గానీ.

ఒకరోజు నేను తట్టుకోలేకపోయాను. దుప్పటి కొస నా చేతిలో ఉంది, ఇంకో కొస ఆవిడ చేతిలో.

"ఇంక చాలక్కా. వాళ్లకి లేనిపోని ఆశ ఎందుకు పెడుతున్నావు? ఆయన వాళ్ల పిల్లల్లో ఒక్కరి గురించి కూడా చెప్పలేదు. అబద్ధం కదా?"

"అబద్ధమా?"

"కాదా?"

అక్క మెలిపెట్టడం ఆపింది. "వాడు బుడ్డోడి గురించి నాకు చెప్పిన మాటే నేను వీళ్లకి చెప్తున్నాను. అక్షరం మార్చలేదు. ఇది అబద్ధమైతే అదీ అబద్ధమే కదే? చెప్పు. నీకు నోరెక్కువ కదా, చెప్పు."

నేను నా కొస గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ మళ్లీ మెలిపెట్టింది. నీళ్లన్నీ మా కాళ్ల మీదికి కారాయి.

నిన్న మధ్యాహ్నం ఒక ముసలాయన వచ్చాడు. చాలా దూరం నుంచి వచ్చినట్టున్నాడు, చెప్పులు తెగి ఉన్నాయి. అక్క లోపల బాయిలర్ దగ్గర ఉంది. ఆయన నాకే ఫొటో చూపించాడు. కళ్లజోడు పెట్టుకున్న సన్నటి కుర్రాడు.

"మనవడమ్మా. నువ్వు కూడా ఆ రోజు అక్కడున్నావంట. వీడి సంగతేమైనా అన్నాడా?"

నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాను. లోపల ఇనప బకెట్ చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూశాను. ఆవిరిలో అక్క కదలకుండా నిలబడి ఉంది. ఆ ముసలాయన కంటే ఆత్రంగా, నేను ఏం చెప్తానా అని నా నోటికేసే చూస్తోంది.

"అన్నాడు తాతా" అన్నాను. "నేనూ విన్నాను. బతికే ఉన్నాడన్నాడు."